చదువరి ఎక్కడ కూర్చుంటారు? – రెండు గ్రంథాలయ భవనాల పరిశీలన

కథనూ కవితనూ విమర్శదృష్టితో చదవడం మీకు ఈపాటికి కొంత అలవాటై ఉంటుంది. ఈ పాఠంలో ఒక భవనాన్ని చదవబోతున్నాం. భవనం గురించి చెప్పమంటే మనలో చాలామందిమి ‘బాగుంది’, ‘విశాలంగా ఉంది’, ‘గాలీ వెలుతురూ ఉన్నాయి’ అన్న మాటల దగ్గర ఆగిపోతాం. లేదంటే పత్రికలో అచ్చయిన ఫొటో చూసి అభిప్రాయం ఏర్పరచుకుంటాం. ఫొటోలతో ఒక చిక్కుంది. గ్రంథాలయం ఫొటోను సాధారణంగా ఎవరూ కూర్చోని చోట నిలబడి తీస్తారు: ప్రవేశద్వారం ముందు నుంచి, మెట్ల మీద నుంచి, నడిమి హాలు మధ్య నుంచి. చదువుకోవడానికి వచ్చినవారు రోజంతా చూసేది ఆ దృశ్యాన్ని కాదు. వారికి కనిపించేది బల్ల, పుస్తకం మీద పడే వెలుతురు, ఎదురుగా ఉన్న గోడో కిటికీయో.

కాబట్టి విద్యాసంస్థల గ్రంథాలయాన్ని అంచనా వేయడానికి నేను మీకు ఒక కొలమానం సూచిస్తాను. ముందు కుర్చీ చూడండి. ఆ కుర్చీ ఎక్కడుంది, దాని మీదికి వెలుతురు ఎటు నుంచి వస్తుంది, అక్కడికి అందరూ చేరుకోగలరా, ఎన్ని గంటలు కూర్చోగలరు అన్నవి తేలిన తరువాతే హాలు ఎత్తూ గోడల అందమూ చర్చించండి. ఇది చాలా చిన్న కొలమానంలా కనిపించవచ్చు. ఇంట్లో తనకంటూ ఒక గది ఉన్నవారికి చిన్నదే. ఒకే గదిలో వంట, టీవీ, పిల్లల గొడవ నడుమ పరీక్షకు చదివే విద్యార్థికి గ్రంథాలయంలో దొరికే కుర్చీయే చదువుల గది. దూరవిద్యలో మీ తోటివారెందరో ఈ స్థితిలోనే ఉన్నారని నేను చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయాన్ని చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. గ్రూప్స్ వంటి పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువత లోపలి గదులు చాలక ఆవరణలో చెట్ల కింద కూడా కూర్చొని చదువుతారు. చాలామంది తమ పుస్తకాలు, నోట్సులు, టిఫిన్ బాక్సు వెంట తెచ్చుకుంటారు. వారు గ్రంథాలయంలోని పుస్తకాల కోసం వచ్చినవారు కాదు. వారికి కావలసింది ఒక చోటు, కొంత నిశ్శబ్దం, చుట్టూ తమలాగే చదువుకునే మనుషులు. ‘లెర్నింగ్ సెంటర్’ అనే మాట ఇటీవల విశ్వవిద్యాలయాల్లో బాగా వినిపిస్తోంది. ఆ పేరు పెట్టకుండానే అక్కడ తయారైనది అదే.

ఈ కొలమానంతో ఇప్పుడు రెండు ప్రసిద్ధ భవనాలను పరిశీలిద్దాం.

ఎక్సెటర్: వెలుతురు దగ్గరికి పుస్తకం

మొదటిది అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, ఎక్సెటర్ అనే చిన్న ఊళ్ళో ఉంది. కచ్చితంగా చెప్పాలంటే ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ కళాశాల కాదు, విద్యార్థులు అక్కడే ఉండి చదువుకునే ఉన్నత పాఠశాల. అయితే దాని గ్రంథాలయం రెండున్నర లక్షల సంపుటాలు పట్టేలా కట్టినది. మన డిగ్రీ కళాశాలల్లో అంత పెద్ద గ్రంథాలయం దొరకడం కష్టం. 1965లో దీని రూపకల్పనను వాస్తుశిల్పి లూయీ కాన్‌కు అప్పగించారు. భవనం 1971లో వాడుకలోకి వచ్చింది.

బయటి నుంచి చూస్తే అది ఒక ఇటుకల పెట్టె. ఒక్కో పక్క 111 అడుగులు, ఎత్తు సుమారు 80 అడుగులు. నాలుగు మూలలనూ కోసినట్లు వదిలేశారు. గోడను కాస్త నిదానంగా చూస్తే ఒక విషయం గమనించగలరు. కింద ఇటుక స్తంభాలు వెడల్పుగా, వాటి మధ్య ఖాళీలు ఇరుకుగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ స్తంభాలు సన్నబడతాయి, కిటికీలు వెడల్పవుతాయి. ఇది అలంకారం కోసం చేసినది కాదు. ఆ ఇటుకలు నిజంగానే బరువు మోస్తున్నాయి. కింది అంతస్తు మీద పై అంతస్తులన్నిటి బరువూ ఉంటుంది కాబట్టి అక్కడ గోడ లావుగా ఉండాలి. పాత మిద్దెలు కట్టిన మన మేస్త్రీలకు ఇది కొత్త సంగతి కాదు.

ఇక లోపలి అమరిక. ఒకదానిలో ఒకటి అమర్చిన మూడు చదరాలను ఊహించుకోండి. అన్నిటికన్నా బయటి చదరం ఇటుకతో కట్టినది, అందులో చదువుకునే చోట్లున్నాయి. మధ్య చదరం కాంక్రీటుది, అందులో పుస్తకాల అరలున్నాయి. లోపలి చదరం ఖాళీగా, పైకప్పు దాకా లేచిన హాలు. మన మండువా ఇంటిని తలచుకుంటే ఈ పటం సులువుగా బోధపడుతుంది. మధ్యలో తెరపి, దాని చుట్టూ వసారా, ఆ వెనుక గదులు. తేడా ఏమిటంటే మండువాలో ఆకాశం కనిపిస్తుంది, వాన కూడా పడుతుంది. ఎక్సెటర్ హాలుకు పైన కప్పుంది. ఆ కప్పు కింద ఒకదాన్నొకటి అడ్డంగా దాటే పెద్ద కాంక్రీటు దూలాలున్నాయి. పై కిటికీల నుంచి వచ్చే వెలుతురు వాటికి తగిలి మెత్తబడి కిందికి దిగుతుంది.

ఈ మూడు చదరాల అమరికకు బలమైన కారణం ఉంది. పుస్తకానికి ఎండ శత్రువు. కాగితం పసుపుబారుతుంది, అట్ట రంగు వెలిసిపోతుంది. చదివేవారికి మాత్రం వెలుతురు కావాలి. ఈ రెండు అవసరాలూ పరస్పర విరుద్ధం. చాలా గ్రంథాలయాలు రెండింటినీ ఒకే గదిలో ఇరికించి రెండింటికీ అన్యాయం చేస్తాయి. కాన్ పుస్తకాన్ని నీడలోనూ, మనిషిని వెలుతురులోనూ ఉంచాడు. పుస్తకం తీసుకొని మనిషి వెలుతురు దగ్గరికి వెళ్ళడంతోనే గ్రంథాలయం మొదలవుతుందని ఆయన భావన. ఎక్సెటర్‌లో విద్యార్థి చేసేది సరిగ్గా ఆ పనే. అరలో పుస్తకం తీసుకొని, నాలుగడుగులు వేసి, కిటికీ పక్కన కూర్చుంటాడు.

ఆ కిటికీ దగ్గర ఆగుదాం. ఒక్కరు కూర్చొని చదువుకోవడానికి ఏర్పరచిన చిన్న బల్లను గ్రంథాలయ పరిభాషలో ‘క్యారెల్’ అంటారు. ఎక్సెటర్‌లో అలాంటివి 210 ఉన్నాయి. ఇటుక గోడ లోపలి వైపున, చెక్కతో గోడలోనే భాగంగా అమర్చారు. పైన పెద్ద కిటికీ, దాని నుంచి వచ్చే వెలుతురు అందరిదీ. కింద, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఒక చిన్న కిటికీ, అది ఒక్కరిదే. ఆ చిన్న కిటికీకి పక్కకు జరిపే చెక్క తలుపుంది. చెట్లను చూస్తూ ఆలోచించాలనుకుంటే తలుపు తీయవచ్చు, బయటి మంచు కళ్ళకు మెరిస్తే మూయవచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు, అటెండరును పిలవనక్కరలేదు.

ఈ భవనం గురించి రాసినవారిలో ఎక్కువమంది నడిమి హాలునే మెచ్చుకున్నారు. హాలు నాలుగు వైపులా కాంక్రీటు గోడల్లో బ్రహ్మాండమైన వృత్తాలు కోసి ఉంటాయి, వాటిలోంచి అంతస్తుల మీద అంతస్తులుగా పుస్తకాల అరలు కనిపిస్తాయి. ఫొటోలన్నీ అక్కడివే. నా మటుకు ఆ చెక్క తలుపే ఆ భవనంలో అన్నిటికన్నా గొప్ప ఆలోచన. పదహారేళ్ళ విద్యార్థి తన మీద పడే వెలుతురును తానే నిర్ణయించుకోగల చోటు అది.

అలాగని హాలు వృథా అనను. మెట్లెక్కి అక్కడికి చేరగానే పుస్తకాలు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుల కాలాన్ని ఆదా చేయమంటుంది. మొదటిసారి వచ్చినవారికి ఆ హాలు ఒక్క చూపులో దారి చూపుతుంది. అయితే ఆ హాలును చేరేదాకా ఉన్న దారి మాటేమిటి? ఇక్కడ కాన్ పాఠకుల కాలాన్ని ఆదా చేయలేదు. భవనం నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. చుట్టూ నడవా ఉంటుంది, అందులో తలుపు ఎక్కడుందో కొత్తవారు వెతుక్కోవలసిందే. నాలుగు ముఖాల సమానత్వం కోసం ఒక ముఖద్వారాన్ని వదులుకోవడం వాస్తుశిల్పికి తృప్తినిచ్చి ఉండవచ్చు. వానలో పుస్తకాల సంచితో వచ్చిన మనిషి దాన్ని హర్షిస్తాడని అనుకోను.

మరో పరిమితి కూడా ఉంది. ఇది ప్రధానంగా ఒంటరి, నిశ్శబ్ద పాఠకుల కోసం కట్టిన భవనం. ఐరోపా మఠాల్లో సన్యాసులు నడవా కిటికీల పక్కన కూర్చొని చదివే సంప్రదాయం దాని వెనుక ఉంది. నలుగురు కూడి ఒక లెక్క గురించి వాదించుకోవడం, ఒకరికి తెలియనిది మరొకరు చెప్పడం కూడా చదువే అన్న ఆలోచనకు ఈ భవనంలో చాలా తక్కువ చోటు దక్కింది.

ఇదే వాస్తుశిల్పి, వేరే ఎండ

ఎక్సెటర్ చూసి ముచ్చటపడి అలాంటి కిటికీ బల్లలు మన ఊళ్ళో కడదామంటే ఏమవుతుంది? పడమటి గోడకు ఆనుకున్న బల్ల దగ్గర ఏప్రిల్ నెలలో మూడు గంటలకు ఎవరూ కూర్చోలేరు. న్యూ హాంప్‌షైర్‌లో మనిషి వెలుతురు దగ్గరికి వెళతాడు. మన దగ్గర వెలుతురు కావాలి గాని ఎండ వద్దు.

ఈ సంగతి కాన్‌కు తెలుసు. దాదాపు అవే సంవత్సరాల్లో ఆయన అహ్మదాబాదులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ప్రాంగణానికి రూపకల్పన చేశాడు. ఆ పని 1962లో మొదలైంది, 1974లో ఆయన మరణించేదాకా సాగింది. అక్కడి విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయానికి కూడా ఇటుకే, పెద్ద వృత్తాలే. కానీ బయటి గోడలోని వృత్తానికి అద్దం లేదు. అద్దాలను బాగా వెనక్కి జరిపి లోతైన నీడలో పెట్టాడు. బయటి గోడ ఎండను ఆపుతుంది, మధ్యలోని ఖాళీ గాలిని చల్లబరుస్తుంది, లోపలికి వెలుతురు మాత్రం వస్తుంది. ఇంటి ముందు వసారా చేసే పనే ఇది. ఒకే చేయి, ఒకే ఇటుక, రెండు ఊళ్ళలో రెండు జవాబులు.

ఇప్పుడు కొత్తగా వస్తున్న కళాశాల భవనాలను చూడండి. ముఖమంతా అద్దం. పొద్దున పది దాటితే అద్దానికి పరదా వేస్తారు, ఆ పరదా వెనుక మిట్టమధ్యాహ్నం ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. కరెంటు పోతే లోపల ఉండలేం. వెలుతురు కోసం పెట్టిన అద్దం వల్లే వెలుతురు లేకుండా పోవడం కన్నా పెద్ద వైఫల్యం గ్రంథాలయ రూపకల్పనలో నాకు తోచదు.

లొసాన్: గోడలు లేని కొండలు

రెండో భవనం స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో, అక్కడి సమాఖ్య సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. పేరు రోలెక్స్ లెర్నింగ్ సెంటర్. జపాన్‌కు చెందిన కజుయో సెజిమా, ర్యూయే నిషిజావా రూపకల్పన చేశారు. వారి సంస్థ పేరు సానా. 2010 ఫిబ్రవరిలో దీన్ని తెరిచారు. అదే ఏడు వారిద్దరికీ ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. వాస్తుశిల్పంలో అది అత్యున్నత గౌరవాల్లో ఒకటి.

పేరులో ‘గ్రంథాలయం’ లేకపోవడం గమనించండి. అయిదు లక్షల ముద్రిత సంపుటాల సేకరణకు అది నిలయం. అయినా ఆ మాటను పక్కన పెట్టారు. ఎక్సెటర్ కట్టిన నాటికీ దీనికీ మధ్య నలభై ఏళ్ళలో చదువు మారింది. కంప్యూటర్ వచ్చింది, పత్రికలు తెర మీదికి చేరాయి, నలుగురు కలిసి ప్రాజెక్టు చేయడం పాఠ్యక్రమంలో భాగమైంది. పుస్తకం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వెనక్కి పోయి, మనుషులు ఎలా కలుస్తారన్న ప్రశ్న ముందుకొచ్చింది.

ఈ భవనం పటం ఒక దీర్ఘచతురస్రం, పొడవు 166.5 మీటర్లు, వెడల్పు 121.5 మీటర్లు. దాదాపు 20,000 చదరపు మీటర్ల స్థలమంతా ఒకే గది అనవచ్చు. గ్రంథాలయం, చదువు బల్లలు, కాఫీ తాగే చోటు, భోజనశాల అన్నీ ఆ ఒకే కప్పు కింద, దాదాపు గోడలే లేకుండా ఉన్నాయి. నేల చదునుగా ఉండదు. దుప్పటిని రెండు మూడు చోట్ల పైకెత్తినట్లు నేలా కప్పూ కలిసి లేస్తాయి, దిగుతాయి. మధ్యలో గుండ్రని ఖాళీలు 14 ఉన్నాయి. అవి ఆకాశానికి తెరిచిన మండువాలే. నేల పైకి లేచిన చోట కింది నుంచి నడిచి వెళ్ళి, భవనం నడిమధ్యన ఉన్న ద్వారం చేరుకోవచ్చు. ద్వారం విషయంలో ఇది ఎక్సెటర్‌కు పూర్తిగా భిన్నం. ఏ దిక్కు నుంచి వచ్చినా దారి మధ్యకే తీసుకుపోతుంది.

గోడలు లేకపోతే చప్పుడు మాటేమిటని మీరు అడగవచ్చు. వాస్తుశిల్పులు చెప్పే జవాబు కొండలే. భోజనశాల ఒక లోయలో ఉంటే చదువు బల్లలు మిట్టకు అవతల ఉంటాయి. మధ్యలో ఉబికిన నేల మాటలను అడ్డుకుంటుంది, చూపునూ అడ్డుకుంటుంది. తలుపు వేయకుండానే వేరే గదిలోకి వెళ్ళినట్లుంటుంది. మంచి ఆలోచన, ఒప్పుకోవలసిందే. కబుర్లు చెప్పుకునేవారిని వెళ్ళగొట్టకుండా చదివేవారికి నిశ్శబ్దం ఇవ్వడం గ్రంథాలయ నిర్వహణలో పాత తగవు. మన దగ్గర దానికి ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు తప్ప వేరే పరిష్కారం ఎవరూ ఆలోచించినట్లు లేదు.

అయితే మన కొలమానం గుర్తుంది కదా. కుర్చీ ఎక్కడ? వాలు మీద కుర్చీ నిలవదు. అందుకే చదును చేసిన చిన్న చిన్న తావులు ఏర్పరచి బల్లలు వేశారు. మిగిలిన వాలు మీద విద్యార్థులు మెత్తని దిండ్లు వేసుకొని ఒరుగుతారు. ఫొటోలో ఆ దృశ్యం బాగుంటుంది. మూడు గంటలు కూర్చొని నోట్సు రాసుకోవడానికి వీపుకు ఆనుడు, చేతికి బల్ల కావాలి.

అంతకన్నా పెద్ద ప్రశ్న మరొకటుంది. చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థికి ఆ కొండలు ఏమవుతాయి? చక్రాల కుర్చీకి ఆమోదయోగ్యమైన వాలు సాధారణంగా పన్నెండడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు. లొసాన్‌లోని నేల చాలాచోట్ల అంతకన్నా నిటారుగా ఉంది. వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మెలికలు తిరిగే బాటలు, వాలు వెంట ఏటవాలుగా కదిలే లిఫ్టులు అమర్చారు. అంటే తోటివారు పది అడుగుల్లో దాటే మిట్టను ఒకరు చుట్టు తిరిగి దాటాలి, లేదా లిఫ్టు కోసం ఆగాలి. గోడలు తీసేసి అందరినీ కలపడమే ఆ భవనం ఆశయం. గోడ బదులు వచ్చిన నేలే కొందరిని విడదీస్తోంది. భవనం సొగసు వల్ల ఈ అభ్యంతరం చిన్నదైపోదు. చదునైన నేల మీద ఎత్తు తక్కువ అడ్డుగోడలతో, మండువాలతో కూడా శబ్దాన్ని విడదీయవచ్చు. అప్పుడు ఫొటోలు ఇంత అబ్బురంగా రాకపోవచ్చు.

ఒక విషయంలో మాత్రం లొసాన్‌కు పూర్తి మార్కులు వేస్తాను. ఆ భవనాన్ని వారంలో ఏడు రోజులూ, పొద్దున ఏడు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచేలా నడిపారు. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ఆరు తరువాత పుస్తకం పట్టే మీలాంటి వారికి ఏ వృత్తం, ఏ మండువా కన్నా ఇదే ముఖ్యం. అయిదు గంటలకు తాళం పడే గ్రంథాలయంలో ఎంత మంచి కుర్చీ ఉన్నా అది మీది కాదు.

తలుపు దగ్గర ఒక బల్ల

మన గ్రంథాలయాల్లో ప్రవేశద్వారం పక్కన తరచు ఒక కౌంటరుంటుంది. సంచి అక్కడ వదలాలి. చాలాచోట్ల సొంత పుస్తకాలు లోపలికి తేరాదన్న బోర్డు కూడా ఉంటుంది. పుస్తకాలు పోకుండా చూడాలన్న జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. కానీ దాని ఫలితం ఆలోచించండి. మీరిప్పుడు చదువుతున్న ఈ పాఠ్యపుస్తకం కూడా ‘సొంత పుస్తకమే’. దూరవిద్య విద్యార్థి తన పాఠాన్ని బయట పెట్టి, పాఠానికి తోడ్పడే పుస్తకం ముందు ఖాళీ చేతులతో కూర్చోవాలి. భవనం ఎవరి కోసం కట్టారో ఆ ఒక్క బల్లను చూసి చెప్పవచ్చు. అది పుస్తకాన్ని మనిషి నుంచి కాపాడటానికి కట్టిన భవనం.

ఆడపిల్లల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఎక్సెటర్‌లో లాగా అరల వెనుక, గోడ అంచున ఒంటరి బల్ల ఏకాగ్రతకు మంచిది. మన ఊళ్ళ గ్రంథాలయాల్లో సాయంత్రం చీకటిపడ్డాక ఎక్కడ కూర్చోవాలని అడిగితే చాలామంది విద్యార్థినులు నలుగురికీ కనిపించే బల్లనే ఎంచుకుంటారు. శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే రెండు గంటలకు మించి కూర్చోనే కూర్చోరు. వాస్తుశిల్ప గ్రంథాల్లో ఈ రెండు విషయాలకూ అరపేజీ కూడా దక్కదు.

మీరు చేయవలసిన పని

ఈసారి తరగతులకు వెళ్ళినప్పుడు మీ అధ్యయన కేంద్రంలోని గ్రంథాలయంలో గాని, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో గాని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒకేచోట కూర్చోండి. వెలుతురు ఎటు నుంచి వచ్చింది, మూడు గంటలకు అది ఎక్కడికి జరిగింది, మీరు ఎన్నిసార్లు చోటు మారవలసి వచ్చింది, ఎందుకు మారారు అన్నది రాసుకోండి. గేటు నుంచి మీ కుర్చీ దాకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. తలుపు దగ్గర మీ చేతిలోంచి ఏమేం తీసుకున్నారో, ఎన్ని గంటలకు మూసేస్తారో, ఆదివారం తెరుస్తారో లేదో కనుక్కోండి. ఆ వివరాలతో రెండు మూడు పేజీల విమర్శ రాయండి. ఫొటోలు జతచేయనక్కరలేదు. మీరు కూర్చున్న చోటును గుర్తించి పెన్సిలుతో గీసిన ప్లాను చాలు.